శ్లాబుకి కృష్ణా ఇసుకా, రోబో శాండా? గుంటూరు, బెజవాడ వాళ్లు చెప్పండి

గోరంట్ల హరి
అందరికీ నమస్కారం. గుంటూరు గోరంట్లలో ఇల్లు మొదలుపెట్టాం. కింద ఒక పోర్షను, పైన ఒకటి. పునాదులు, ప్లింతు బీములు అయిపోయాయి. గోడలు లేస్తున్నాయి, తర్వాత శ్లాబు. ఇప్పుడు పేచీ ఎక్కడొచ్చిందంటే, మేస్త్రి గారు ఏటి ఇసుక తప్ప ఇంకోటి తెస్తే శ్లాబు ముట్టుకోనంటున్నారు. ప్లాను గీసిన ఇంజినీరు గారేమో రాయి కొట్టి చేసే రోబో శాండే తెప్పించమంటున్నారు. ఈలోగా మొన్న దిగిన ఇసుక పిడికిట్లో పట్టి వదిలితే అరచేతికి మట్టి అంటుకుంది. గోడకి వాడొచ్చంటున్నారు, నాకు మనసు ఒప్పట్లేదు.

నాకు కావాల్సింది: శ్లాబుకి ఏది, గోడకి ఏది, ప్లాస్టరింగుకి ఏది? కంకర 20 ఎంఎం ఒక్కటే తెప్పించాలా, చిప్స్ కలపాలా? లారీ లోడు కొలత ఎట్టా సరిచూసుకోవాలి? అనుభవమున్న వాళ్లు దయచేసి వివరంగా రాయండి. జన్మకో ఇల్లు కట్టుకునేవాళ్లం.

మస్తాన్ తాపీ, మంగళగిరి
బాబూ, మీ మేస్త్రి చెప్పింది నిజమే. రోబో శాండు నీళ్లు తాగుద్ది. కలిపిన మాలు తొందరగా బిగుసుకుపోద్ది, తాపీకి రాదు, కూలీలు నీళ్లు పోస్తానే ఉంటారు. ఏటి ఇసుక గుండ్రంగా ఉంటది, జారుద్ది, పని సాఫీగా సాగుద్ది. ప్లాస్టరింగుకైతే రెండో మాట లేదు, సన్న ఇసుకే.

బెజవాడ సైట్ ఇంజినీర్
మస్తాన్ గారు చెప్పిన ఇబ్బంది ఉన్నదే, దాన్ని కొట్టిపారేయను. కానీ చాలాచోట్ల రోబో శాండు పేరుతో సైటుకి దిగేది రోబో శాండు కాదు, క్రషర్ డస్టు. కంకర కొడుతుంటే కింద మిగిలిపోయిన పొడి అది. రెండూ బూడిదరంగే, దూరం నుంచి చూస్తే ఒకటే. తేడా బొంబాయి రవ్వకీ మైదాకీ ఉన్నంత ఉంది. అసలు రోబో శాండు కావాలని తయారుచేస్తారు. రాయిని వీఎస్ఐ అనే మిషన్లో వేగంగా తిప్పి రాతి మీదికే విసురుతారు. మూలలు అరిగి గింజ కాస్త గుండ్రబడుతుంది. తర్వాత కడిగో, గాలితో ఊదో పొడి తీసేస్తారు. డస్టులో ఇవేవీ జరగవు. పలుచటి పెచ్చులు, పిండి కలిసి ఉంటాయి. దాంతో కాంక్రీటు కలిపితే నీళ్లు తాగక ఏం చేస్తుంది?

ఇసుక, కంకరల భారతీయ ప్రమాణం ఐఎస్ 383. 1970 నాటి దాన్ని 2016లో తిరగరాసినప్పుడు తయారుచేసిన ఇసుకకి వివరంగా చోటిచ్చారు. ఏటి ఇసుకలో 75 మైక్రాన్ల జల్లెడ దాటిపోయే పొడి 3 శాతం మించకూడదు. రాయి కొట్టి తీసిన ఇసుకలో 15 శాతం దాకా ఒప్పుకుంటారు. ఎందుకంత తేడా అంటే, ఏటి ఇసుకలో ఆ పొడి సాధారణంగా బంకమట్టి. అది గింజ చుట్టూ పొరలా అంటుకుని సిమెంటుని రాయికి పట్టనివ్వదు. రాతి ఇసుకలో పొడి ఎక్కువగా రాతిదే, కొంతవరకు ఖాళీలు పూడుస్తుంది. అలాగని 15 శాతం ఉన్నది కోరి తెచ్చుకోమని కాదు, ఎంత తక్కువైతే పని అంత సులువు.

హరి గారూ, కాంక్రీటు ఘనపరిమాణంలో దాదాపు నాలుగింట మూడొంతులు ఇసుక, కంకరలే. సిమెంటు ఏ కంపెనీదని నలుగురిని అడిగి తెలుసుకుంటాం, ఇసుకని మాత్రం లారీ దింపి వెళ్లాక చూస్తాం. అక్కడ మారాలి మనం.

గోరంట్ల హరి
ఇంజినీరు గారూ, చాలా బాగా చెప్పారు. మరి లారీ నిలబడి ఉండగానే నేను చూసుకోగల పరీక్షలేమైనా ఉన్నాయా? డ్రైవరు అయిదు నిమిషాలు కూడా ఆగనంటాడు.

మాధవి, మొగల్రాజపురం
మెటీరియల్ ల్యాబులో పనిచేస్తాను హరి గారూ. లారీ దగ్గర చేసే పని, ఇంట్లో చేసే పని రెండూ చెబుతాను.

లారీ దగ్గర: పైపైన కాదు, పారతో అడుగున్నర లోతు తవ్వించి పిడికెడు తీయండి. పైన కడిగిన ఇసుక పరిచి లోపల మట్టి ఇసుక ఉండటం మేం చాలాసార్లు చూశాం. గట్టిగా పిసికి వదలండి. ముద్ద విడిపోకుండా అలాగే ఉండి, చేతికి జిగురు మరక అంటితే బంకమట్టి ఉన్నట్టే. ఆ లోడు దింపించుకోకండి. మీరు మొన్న చూసింది అదే. గవ్వలు, బొగ్గు ముక్కలు, వేర్లు ఎక్కువగా కనిపించినా తిప్పి పంపండి.

ఇంట్లో: నిటారుగా ఉండే గాజు సీసాలో సగం దాకా ఇసుక పోయండి. అర లీటరు నీళ్లకి చెంచా ఉప్పు కలిపి ముప్పావు సీసా దాకా నింపండి. బాగా కుదిపి కదపకుండా మూడు గంటలు ఉంచండి. ఇసుక ముందు అడుక్కి చేరుతుంది, దాని మీద ఒండ్రు పొర తేరుతుంది. పొర మందాన్ని కింద ఉన్న ఇసుక ఎత్తుతో పోల్చండి. ఎత్తు 10 సెంటీమీటర్లయితే పొర 8 మిల్లీమీటర్లు దాటకూడదు. ఉప్పు వేసేది ఒండ్రు తొందరగా తేరుకోవడానికే. ఇది ఏటి ఇసుక పరీక్ష. రోబో శాండుని ఈ సీసాతో తేల్చకండి, దానికి ల్యాబులో జల్లెడ పట్టించాల్సిందే.

జల్లెడ సంగతి కూడా చెబుతాను. 600 మైక్రాన్ల జల్లెడలోంచి ఎంత దిగిందనేదాన్ని బట్టి ఇసుకని నాలుగు జోన్లు చేస్తారు. 15 నుంచి 34 శాతం దిగితే జోన్ 1, బాగా ముతక. 35 నుంచి 59 అయితే జోన్ 2. 60 నుంచి 79 జోన్ 3. 80 దాటితే జోన్ 4, సన్నది. శ్లాబుకి జోన్ 2 తీసుకోండి, హాయిగా ఉంటుంది. జోన్ 4 ఇసుకని పరీక్షలు చేసి మిక్సు నిర్ధారించుకోకుండా ఇనుము వేసే కాంక్రీటులో వాడొద్దని ప్రమాణంలోనే ఉంది. మేస్త్రి గారు ప్లాస్టరింగుకి బాగుందని మెచ్చుకునే సన్న ఇసుక శ్లాబుకి పనికిరాకపోవచ్చు. ఒకే కుప్పతో మూడు పనులూ కానిచ్చే అలవాటు మనవైపు ఎక్కువ. అది మానాలి.

సింగ్‌నగర్ సుబ్బు
మాధవి అక్కా, నాదొక ప్రశ్న. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు మా బాబాయి వాళ్ల ఇసుక కుప్ప రోజుల తరబడి నీళ్లలో నానింది. నీళ్లు తీశాక పైన అడుసు గడ్డకట్టి ఉంది. పని అప్పుడే ఆపేశారు, మళ్లీ ఇప్పుడు మొదలుపెడుతున్నారు. ఆ ఇసుక వాడొచ్చా?

మాధవి, మొగల్రాజపురం
సుబ్బూ, పై పొరని చెక్కి అవతల పారేయించు. లోపలి ఇసుక సీసా పరీక్షలో నిలిస్తే, జల్లెడ పట్టి గోడ కట్టుబడికి వాడుకోమను. శ్లాబుకీ పిల్లర్లకీ మాత్రం వద్దు. ఆ వరద నీళ్లలో మురుగు, చెత్త అన్నీ కలిశాయి. కుళ్లిన సరుకు ఇసుకలో ఉంటే సిమెంటు గట్టిపడటం మందగిస్తుంది. కుప్ప అంతా నీళ్లతో కడిగించాలంటే అయ్యే ఖర్చుకి కొత్త ఇసుకే వస్తుంది. బాబాయి గారు ఇప్పటికే నష్టపోయారని తెలుసు, అయినా ఈ మాట చెప్పక తప్పదు.

పేరేచర్ల క్రషర్
క్రషర్లోనే పని నాది. కంకర గురించి అడిగారు కాబట్టి రాస్తున్నా.

క్వారీలో పేల్చిన బండలు ముందు జా క్రషర్లో పడతాయి. అక్కడ పగిలింది కోన్ క్రషర్‌కి పోద్ది. ఆ తర్వాత ఊగే జల్లెళ్ల మీద సైజులు విడిపోతాయి. 40 ఎంఎం, 20 ఎంఎం, 12 ఎంఎం చిప్స్, 6 ఎంఎం బేబీ చిప్స్, అన్నిటికిందా డస్టు. 40 ఎంఎం పునాది కింద బెడ్ కాంక్రీటుకి పోద్ది. 20, 12 కలిపి పిల్లర్లకీ బీములకీ శ్లాబుకీ. బేబీ చిప్స్ సిమెంటు ఇటుకలకీ పలకలకీ. డస్టుని పేవర్ టైల్సు కింద పరుస్తారు, ఇటుకల ఫ్యాక్టరీ వాళ్లు కొంటారు. రోడ్డు పనులకైతే సైజులు విడదీసి పంపరు, పెద్ద రాయి నుంచి పొడి దాకా లెక్క ప్రకారం నీళ్లతో కలిపి పంపుతారు. రోలరు తిరిగితే ఖాళీ లేకుండా కుదురుకుంటది. దానికంటే అడుగు పొరలో మనవైపు ఎర్ర గ్రావెల్ కూడా వాడతారు. ఇళ్ల బేస్‌మెంటు నింపేదీ ఆ గ్రావెలే. కాంక్రీటులోకి మాత్రం దాన్ని రానివ్వకండి, అందులో మట్టి ఉంటది.

హరి అన్నా, కంకర కొనేటప్పుడు రంగు చూడొద్దు, ఆకారం చూడు. గుప్పెడు తీసి నేల మీద పరుచు. నాలుగు పక్కలా మందంగా ఉన్న రాళ్లు మంచివి. బిళ్లల్లా పలచగా, సూదుల్లా పొడుగ్గా ఉన్నవి ఎక్కువుంటే ఆ లోడు వద్దు. పలక రాయి కాంక్రీటులో అడ్డం పడుకుంటది, కింద నీళ్లు, గాలి నిలబడతాయి, బరువు పడితే అక్కడే విరుగుద్ది. రాతికి పొడి పట్టేసి ఉంటే శ్లాబుకి ముందురోజు నీళ్లు కొట్టించు. దుమ్ము పోద్ది, కాంక్రీటులో నీళ్లు కూడా పీల్చదు.

ఇంకొక్క మాట. ఆ రాతి దుమ్ములో సిలికా ఉంటది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, సిలికోసిస్ అంటారు, వచ్చాక నయం కాదు. నీళ్లు చల్లే పైపులు పెట్టమని మేం అడుగుతానే ఉంటాం. మీ సైటులో పొడి డస్టు జల్లెడ పట్టే ఆడకూలీలకి కనీసం తడి చేసి ఇవ్వండి, ముక్కుకి గుడ్డ కట్టుకోమనండి.

రాయనపాడు రైల్వే
పేరేచర్ల తమ్ముడు ఆకారం గురించి చెప్పింది మా శాఖలో ఇంకా ఖచ్చితం. పట్టాల కింద పోసే కంకరలో 20 ఎంఎం కంటే సన్నది 2 శాతానికి మించి ఉండకూడదు, 65 ఎంఎం జల్లెడ మీద నిలిచేది 5 శాతం దాటకూడదు. గుండ్రటి ఏటి గులకరాయి అక్కడ పనికిరాదు, పక్కకి జారిపోతుంది. పదును మూలలున్న రాయి ఒకదాన్నొకటి పట్టుకుని పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్ని కదలనివ్వదు. పొడి చేరితే వాననీరు దిగదు, పట్టా కుంగుతుంది. అందుకే కొన్నేళ్లకోసారి మిషనుతో కంకర తీసి జల్లించి మళ్లీ పోస్తారు. ఇంటి శ్లాబుకి సన్నా పెద్దా కలవాలి, పట్టా కింద కలవకూడదు. పనిని బట్టి రాయి.

గోరంట్ల హరి
ఎంత సమాచారం ఇచ్చారండీ అందరూ! లారీ కొలత సంగతి కూడా చెప్పండి. ఒకరు యూనిట్లంటారు, ఒకరు టన్నులంటారు.

బెజవాడ సైట్ ఇంజినీర్
యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, అంటే 2.83 ఘనమీటర్లు. పొడి ఇసుక అయితే నాలుగు టన్నుల పైచిలుకు తూగుతుంది. బాడీ లోపల పొడవు, వెడల్పు, ఇసుక ఎత్తు టేపుతో అడుగుల్లో కొలిచి గుణించి వందతో భాగించండి. మధ్యలో గుట్టగా పోసి అంచుల్లో తక్కువుంటే సమం చేయించి కొలవండి.

అయితే అసలు కిటుకు తడిలో ఉంది. కొద్దిగా చెమ్మ పట్టిన ఇసుక ఉబ్బుతుంది. గింజ చుట్టూ నీటి పొర చేరి ఒకదాన్నొకటి దూరం నెడుతుంది. 4, 5 శాతం చెమ్మకే ఇసుక ఘనపరిమాణం నాలుగో వంతు పెరగొచ్చు, సన్న ఇసుకైతే ఇంకా ఎక్కువ. పూర్తిగా నీళ్లలో ముంచితే మళ్లీ మామూలుకి దిగుతుంది. కాబట్టి తడి ఇసుకని అడుగుల్లో కొంటే కొంత గాలి కొన్నట్టు. టన్నుల్లో కొంటే నీళ్ల బరువుకి డబ్బు కట్టినట్టు. అడుగుల్లో కొనేటప్పుడు ఉబ్బు తీసేసి లెక్క కట్టండి, కాటాలో తూయించేటప్పుడు నీళ్లు కారుతున్న లారీని ఒప్పుకోకండి.

కలిపేటప్పుడు కూడా ఇది దెబ్బకొడుతుంది. ఎం20 రకం కాంక్రీటుకి సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో వేస్తే, బస్తా సిమెంటు 35 లీటర్లు కాబట్టి ఇసుక 52 లీటర్ల చిల్లర, కంకర 105 లీటర్లు పడాలి. ఇసుక నాలుగో వంతు ఉబ్బి ఉంటే మీరు వేసే 52లో నిజంగా ఉండేది 42 లీటర్లే. ఇసుక చాలక కంకర మధ్య ఖాళీలుండిపోతాయి. సెంట్రింగు తీశాక శ్లాబు కింద గుంతలు, బయటపడ్డ ఇనుము కనిపిస్తే ఇదీ ఒక కారణం. గాజు గ్లాసులో తడి ఇసుక పోసి ఎత్తు గుర్తుపెట్టుకోండి. అదే ఇసుకని నీళ్లలో ముంచి కలియబెట్టి తేరాక మళ్లీ ఎత్తు చూడండి. ఎంత తగ్గిందో దాన్ని తగ్గాక ఉన్న ఎత్తుతో భాగిస్తే ఉబ్బు శాతం వస్తుంది. అంతమేర ఇసుక పెంచి వేయించండి, నీళ్లు తగ్గించండి.

కృష్ణలంక మాస్టారు
పిల్లలూ, మీరు ఇంటి లెక్కలు మాట్లాడుకుంటున్నారు, మంచిదే. ఏటి మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. నేను ఈ ఒడ్డునే పుట్టాను. 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీకి దిగువన ఎండాకాలం ఇసుక తిన్నెలు ఎంత దూరం ఉండేవో నాకు తెలుసు. ముతక ఇసుక కొండల నుంచి వరదతో దొర్లుకుంటూ రావాలి. పైన శ్రీశైలం, సాగర్, పులిచింతల ఉన్నాయి. నీళ్లు గేట్లు దాటుతాయి గాని ముతక ఇసుకలో చాలాభాగం జలాశయాల అడుగునే ఉండిపోతుంది. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత వరదకీ మనకి మిగిలింది ఎక్కువగా ఒండ్రే.

వచ్చేది తగ్గి తీసేది పెరిగితే ఏటి అడుగు దిగుతుంది. అడుగు దిగితే ఒడ్డున బావుల్లో, బోర్లలో నీళ్లు దిగుతాయి. వంతెన స్తంభాల పునాదులు తేలతాయి. సముద్రం దగ్గర ఉప్పునీరు ఇంకా పైకి ఎగబాకుతుంది. అందుకే వంతెనలకీ, ఆనకట్టలకీ, మంచినీటి బావులకీ 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకూడదని నీరు, భూమి, చెట్ల పరిరక్షణకి తెచ్చిన వాల్టా చట్టం కింద నిబంధన పెట్టారు. 2024 జులై నుంచి రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం వచ్చింది. ఇల్లు కట్టుకునేవాడికి అది మేలే, కాదనను. కాని రశీదు లేని ఇసుక, రాత్రిపూట మిషన్లతో తోడి తెచ్చిన ఇసుక చవగ్గా వస్తోందని కొనకండి.

కొండపల్లి వాసి
మాస్టారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. అయితే ఏరుని కాపాడాలని అందరూ రోబో శాండుకి మళ్లితే ఆ రాయి ఎక్కడి నుంచి రావాలి? మా వైపు కొండలే గదా. గ్రావెల్ కోసం, కంకర కోసం తొలిచిన కొండల్ని బెజవాడ చుట్టూ ఎక్కడైనా చూడొచ్చు. పేలుళ్లకి గోడలు బీటలు వారిన ఇళ్లు మా ఊళ్లో ఉన్నాయి. ప్రపంచం మొత్తం ఏడాదికి 5,000 కోట్ల టన్నుల ఇసుక, కంకర వాడుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2022లో చెప్పింది. ఏటికి గాని, కొండకి గాని అంత తాహతు లేదు. అవసరానికి మించి కొని సగం వీధిలో తొక్కించి కాలవలోకి పోగొట్టే పద్ధతి ముందు పోవాలి. వానాకాలంలో ఏ వీధిలో చూసినా ఇసుక కుప్ప కరిగి మురుగుకాలవలో ఉంటుంది.

కృష్ణలంక మాస్టారు
నాయనా, నువ్వు చెప్పింది అక్షరాలా ఒప్పుకుంటాను. కుప్ప చుట్టూ రెండు వరసల ఇటుకలు పేర్చి పైన పట్టా కప్పితే చాలు.

బాపట్ల శిరీష
మా అన్నయ్య సూర్యలంక దగ్గర గెస్ట్‌హౌస్ కడుతున్నాడు. పక్కనే సముద్రం ఇసుక ఉందిగా, కడిగి వాడదామంటున్నాడు. ఇంకోటి, అక్కడున్న పాత పెంకుటిల్లు కూల్చిన ముక్కల్ని కంకర బదులు వేయొచ్చా?

బెజవాడ సైట్ ఇంజినీర్
శిరీష గారూ, సముద్రం ఇసుక వద్దని అన్నయ్యకి గట్టిగా చెప్పండి. అందులోని క్లోరైడు ఇనుముని తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన చువ్వ లావెక్కి లోపలి నుంచి కాంక్రీటుని పగలగొడుతుంది. ఇనుమున్న కాంక్రీటు ఘనమీటరుకి క్లోరైడు 0.6 కిలోలు మించకూడదని కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. బకెట్లతో కడిగి ఆ లెక్కకి తెచ్చామని పరీక్ష లేకుండా ఎవరూ చెప్పలేరు. పైగా ఒడ్డు మీద ఉప్పుగాలి ఎటూ ఉంది. గింజ కూడా మరీ సన్నం, ఒకే సైజు.

పాత ఇంటి ముక్కల్లో ఇటుక, సున్నం, పెంకు అన్నీ కలిసి ఉంటాయి గనక శ్లాబులోకి రానివ్వొద్దు. బేస్‌మెంటు నింపడానికి దిట్టంగా దిమ్మిస కొట్టి వాడుకోవచ్చు. పాత కాంక్రీటుని విడిగా కొట్టి శుభ్రం చేసిన కంకర వేరే సంగతి. దాన్ని ఎం25 రకం వరకు ఇనుప కాంక్రీటులో కంకరలో 20 శాతం దాకా వాడొచ్చని 2016 నాటి ఐఎస్ 383 ప్రమాణమే అనుమతిచ్చింది.

మస్తాన్ తాపీ, మంగళగిరి
అన్నీ చదివా. ఇంజినీరు గారు డస్టుకీ రోబో శాండుకీ తేడా చెప్పారు చూశారా, అక్కడే ఉంది మా మేస్త్రీల గొడవంతా. కడిగిన అసలు రోబో శాండు దిగితే శ్లాబు నేనూ పోస్తా. కాకపోతే కాంక్రీటు కలిపే మిషను, మిల్లర్ పెట్టాలి, చేత్తో కలపడం కుదరదు. వైబ్రేటర్ ఉండాలి. ఎండ ముదరకముందే మొదలెట్టాలి. మాలు బిర్రుగా ఉందని కూలీ నీళ్లు పోయకుండా ఓనరే నిలబడి చూసుకోవాలి. నీళ్లు బదులు పనికి లొంగదీసే మందు ఉంటది, ఇంజినీరు గారిని అడిగి కొలిచి వెయ్యాలి. గోడకి ఏటి ఇసుకైనా, రోబో అయినా మట్టి లేకుండా ఉంటే చాలు. లోపల ప్లాస్టరింగుకి మాత్రం ఏటి సన్న ఇసుకే, జల్లెడ పట్టి. ప్లాస్టరింగుకని విడిగా చేసే సన్న రోబో కూడా వస్తాంది, అది పూసిన గోడలకి క్యూరింగు తగ్గితే వెంట్రుకంత బీటలు కనపడతన్నాయి.

హరి బాబూ, మీ మేస్త్రితో వాదన పెట్టుకోమాక. డస్టు కాదు, కడిగిన సరుకని ముందు ఆయన చేతిలో పోసి చూపించు. చెయ్యి పెడితే ఆయనకే తెలిసిపోద్ది.

గోరంట్ల హరి
మస్తాన్ గారూ, రేపే ఆ పని చేస్తాను. మట్టి ఇసుక వెనక్కి తీసుకుపొమ్మని చెప్పేశాను. శ్లాబుకి ల్యాబు కాగితం ఉన్న రోబో శాండు, ప్లాస్టరింగుకి ఏటి ఇసుక, రెండు కుప్పలు వేరువేరుగా పోయిస్తాను. 20 ఎంఎం, 12 ఎంఎం ఏ పాళ్లలో కలపమంటారు ఇంజినీరు గారూ? నీళ్లెన్ని?

బెజవాడ సైట్ ఇంజినీర్
మామూలుగా 20 ఎంఎం అరవై వంతులు, 12 ఎంఎం నలభై వంతులు వేస్తాం. బీమూ పిల్లరూ కలిసేచోట చువ్వలు కిక్కిరిసి ఉంటే 12 ఎంఎం పాలు పెంచండి, లేకపోతే పెద్ద రాయి పైనే ఆగిపోతుంది. నీళ్లు బస్తాకి 30 లీటర్లు దాటొద్దు. ఆ 30లో తడి ఇసుకతో వచ్చే నీళ్లు కూడా కలిపి లెక్క. మిల్లర్ దగ్గర గుర్తులు పెట్టిన బకెట్టు ఒకటి ఉంచండి, గొట్టంతో పోయనివ్వకండి. కంకర, ఇసుక కొలవడానికి 35 లీటర్ల చెక్కపెట్టె చేయించుకోండి. తట్టల లెక్క మనిషికో రకంగా ఉంటుంది.

పోసేటప్పుడు మధ్యలో మిల్లర్లోంచి మాలు తీసి 150 మిల్లీమీటర్ల అచ్చుల్లో ఆరు దిమ్మెలు పోయించండి. మూడు 7 రోజులకి, మూడు 28 రోజులకి ల్యాబులో నొక్కి చూస్తారు. అచ్చులు చాలా ల్యాబులు అద్దెకిస్తాయి. శ్లాబు ఏ రోజో ముందుగా ఇక్కడ రాయండి, కుదిరితే నేను వచ్చి నిలబడతాను.